ఇటుక గోడ పక్క మంచం

అమెరికాలో ఫిలడెల్ఫియా శివారున పావోలీ అనే ఊరుంది. అక్కడి ఆస్పత్రిలో 1970లలో ఆపరేషన్ అయినవాళ్లను రెండో అంతస్తులోనూ మూడో అంతస్తులోనూ ఉంచేవారు. అది అమెరికా లెక్క. మన లెక్కలో మొదటిదీ రెండోదీ. గదులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. గదికి రెండు మంచాలు, ఒక కిటికీ. కిటికీ ఎత్తు 1.83 మీటర్లు, వెడల్పు 1.22 మీటర్లు. పడుకున్న మనిషి అటువైపు ఒత్తిగిలితే చాలు, బయట ఏముందో కనిపించేది.

ఆ బయట ఉన్నదాంట్లోనే తేడా. కొన్ని గదుల్లోంచి చూస్తే ఆకురాల్చే చెట్ల చిన్న గుంపు కనిపించేది. మరికొన్నింట్లోంచి చూస్తే గోధుమరంగు ఇటుక గోడ. ఏ గది ఖాళీ అయితే కొత్త రోగిని ఆ గదికి పంపేవారు. చెట్టు కావాలా గోడ కావాలా అని అడిగినవాళ్లు లేరు, అడగాలని తోచినవాళ్లూ లేరు. అలా ఆ ఆస్పత్రి తనకు తెలియకుండానే ఏళ్ల తరబడి ఒక ప్రయోగం చేస్తూ పోయింది. ఫలితాలేమో రికార్డు గదిలో, కేసు షీట్ల కట్టల్లో పడి ఉన్నాయి.

వాటిని విప్పించి చూసినవాడు డాక్టరు కాదు, ఆర్కిటెక్టు కూడా కాదు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చెప్పే రోజర్ ఉల్రిక్. తర్వాతి కాలంలో ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్‌గా ఆస్పత్రి భవనాల గురించి ప్రపంచమంతా ఆయన్నే అడిగే రోజు వచ్చింది గానీ, మొదలు మాత్రం ఈ పాత కాగితాల దగ్గరే.

*

ఉల్రిక్ ఎంచుకున్నది గాల్ బ్లాడర్, అంటే పిత్తాశయం తొలగించే ఆపరేషన్. ఆ ఎంపికలోనే ఆయన తెలివి ఉంది. కొన్ని ఆపరేషన్లు ఒక్కో రోగికి ఒక్కోలా సాగుతాయి. ఇది చాలావరకు అందరికీ ఒకేలా జరిగే పని, కోలుకునే తీరూ ఇంచుమించు ఒకటే. 1972 నుంచి 1981 దాకా ఉన్న షీట్లు తీయించాడు. వాటిలోనూ మే 1కీ అక్టోబర్ 20కీ మధ్య ఆస్పత్రిలో ఉన్నవాళ్లవే. మిగతా నెలల్లో అక్కడి చెట్లకు ఆకులు నిండుగా ఉండవు. మోడును చెట్టు కింద జమకట్టడం న్యాయం కాదు కదా. 20 ఏళ్లలోపు వాళ్లను, 69 దాటినవాళ్లను, ఆపరేషన్ తర్వాత పెద్ద చిక్కులు వచ్చినవాళ్లను, మానసిక సమస్యల చరిత్ర ఉన్నవాళ్లను పక్కన పెట్టాడు.

మిగిలినవాళ్లను జతలు కట్టాడు. మన పెళ్లిళ్ల పేరయ్యలు జాతకాలు కలిపినట్టు అన్నీ కలవాలి: ఆడా మగా, వయసు, పొగతాగే అలవాటు, ఒళ్లు, ఆపరేషన్ జరిగిన కాలం, అంతస్తు, ఆఖరికి రెండో అంతస్తు వాళ్లకైతే గది గోడకు వేసిన రంగు కూడా. జతలో ఒకరిది చెట్టు కిటికీ, ఇంకొకరిది గోడ కిటికీ. ఇన్ని షరతులకూ నిలిచినవి 23 జతలు. షీట్లలోంచి వివరాలు ఎత్తి రాసింది సర్జరీ వార్డులో బాగా అనుభవం ఉన్న ఒక నర్సు. ఏ రోగి కిటికీలో ఏముందో ఆమెకు చెప్పలేదు. చెప్తే, ఎంత నిజాయితీపరురాలికైనా చెయ్యి తెలియకుండానే ఒక వైపు మొగ్గుతుంది.

చెట్టు కిటికీ వాళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికి వెళ్లారు. గోడ కిటికీ వాళ్లు 8.70 రోజులకు. ముప్పావు రోజు తేడా. ఇంతేనా అనిపిస్తుంది. కానీ నర్సులు షీట్ల మీద రాసే మాటలు చూడండి. ఏడుస్తోంది, బాగా ధైర్యం చెప్పాల్సి వస్తోంది, ఇలాంటి మాటలు చెట్టు వైపు ఒక్కో రోగికి సగటున 1.13 ఉంటే, గోడ వైపు 3.96 ఉన్నాయి. మూడు రెట్లకు పైగా.

నాకు అన్నిటికన్నా నచ్చేది నొప్పి మందుల పట్టిక. ఆపరేషన్ రోజున, ఆ మర్నాడు రెండు వైపులా మందుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ రోజుల్లో పొట్ట మీద పెద్ద కోత కోసి చేసేవారు. మత్తూ నొప్పీ మధ్య పడి ఉన్న మనిషికి కిటికీ ఉందన్న సంగతే పట్టదు. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా తేడా వచ్చింది. గోడ వైపు వాళ్లకు నార్కోటిక్ రకం గట్టి మందులు సగటున 2.48 మోతాదులు పడ్డాయి, చెట్టు వైపు వాళ్లకు 0.96 మాత్రమే. ఆస్పిరిన్ లాంటి తేలిక మాత్రల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది: చెట్టు వైపు 5.39, గోడ వైపు 2.57. అంటే చెట్టు చూసినవాళ్లకు నొప్పి లేకపోలేదు. చిన్న మాత్రతో సర్దుకోగలిగారు. ఆరో రోజు వచ్చేసరికి తేడా మళ్లీ చెరిగిపోయింది. ఇంటికి పోయే తొందరలో ఉన్నవాడికి గోడైనా ఒకటే. నొప్పి తెలిసేంత మెలకువ, చేయడానికి ఏ పనీ లేని తీరిక, రెండూ కలిసిన ఆ నాలుగు రోజుల్లోనే కిటికీ పనిచేసింది.

1984 ఏప్రిల్ 27 నాటి 'సైన్స్' పత్రికలో ఈ వ్యాసం వచ్చింది. నిడివి రెండు పేజీలు. ఆస్పత్రి భవనాల మీద ఇంతగా ఉదహరించిన మరో రెండు పేజీలు లేవంటే అతిశయోక్తి కాదు.

*

ఈ ప్రశ్న ఆయనకు గాల్లోంచి ఊడిపడలేదు. కుర్రతనంలో ఉల్రిక్‌కు మూత్రపిండాల జబ్బు చేసింది. చాలాకాలం ఇంట్లో మంచం మీదే. కిటికీ బయట ఒక పైన్ చెట్టు. గాలికి కొమ్మలు ఊగుతుంటే చూస్తూ పడుకోవడమే పని. పెద్దయ్యాక ఆ చెట్టును చాలాసార్లు తలచుకున్నాడు. చిన్ననాటి జ్ఞాపకాలు అందరికీ ఉంటాయి, వాటిని పట్టుకుని కవిత్వం రాసుకోవచ్చు. ఈయన మాత్రం చెట్టు చూస్తే మేలు జరుగుతుందన్నది నిజమా కాదా అని లెక్క వేయడానికి కూర్చున్నాడు.

మిచిగాన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి ఆయన తీసుకున్న విషయం వింటే నవ్వొస్తుంది. ఆన్ ఆర్బర్ ఊళ్లో జనం దుకాణాలకు ఏ దారిన వెళ్తున్నారు? వేగంగా చేర్చే ఎక్స్‌ప్రెస్‌వే ఒకటుంది. చెట్ల మధ్యగా సాగే నెమ్మది దారి ఒకటుంది. పెట్రోలూ కాలమూ లెక్కేస్తే మొదటిదే లాభం. అయినా చాలామంది చాలాసార్లు చెట్ల దారినే పట్టేవారు. మనిషి దృశ్యానికి ధర కడతాడు, జేబులోంచి తీసి చెల్లిస్తాడు కూడా అని అక్కడ తేలింది.

ఆ తర్వాత ఒంట్లో ఏం జరుగుతోందో చూడాలనుకున్నాడు. 1991లో అచ్చయిన ప్రయోగంలో 120 మంది విద్యార్థులను కూర్చోబెట్టి ముందు ఒక సినిమా చూపించారు. వడ్రంగి షాపులో జరిగే ప్రమాదాల సినిమా, రక్తంతో సహా. గుండె దడదడలాడాక పదేసి నిమిషాల వీడియోలు వేశారు: కొందరికి చెట్లూ నీళ్లూ, కొందరికి వాహనాల రోడ్లు, కొందరికి మనుషులు నడిచే వీధులు. గుండె వేగం, కండరాల బిగువు, చర్మం మీద చెమట, ఇవన్నీ యంత్రాలు రాసుకున్నాయి. ప్రకృతి దృశ్యాలు చూసినవాళ్ల ఒళ్లు త్వరగా కుదుటపడింది. గంటలు పట్టలేదు, నాలుగైదు నిమిషాల్లోనే తేడా కనిపించింది.

అందరికీ చెట్లు నాటలేం కదా, బొమ్మ పెడితే? స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ అయిన 160 మంది మీద ఆ ప్రశ్నా వేశారు. ఐసీయూ మంచానికి ఎదురుగా కొందరికి చెట్లూ నీళ్లూ ఉన్న విశాలమైన దృశ్యం, కొందరికి చీకటి అడవి, కొందరికి ఏమిటో తెలియని ఆధునిక చిత్రాలు, కొందరికి ఒట్టి తెల్ల పలక, కొందరికి అసలేమీ లేదు. నీళ్ల బొమ్మ వాళ్లకు ఆందోళన తక్కువ, గట్టి నొప్పి మందులూ తక్కువ. చీకటి అడవికి అంత గుణం లేదు. తమాషా ఏమిటంటే, సూటి గీతలూ కోణాలూ ఉన్న ఆధునిక చిత్రం చూసినవాళ్లు ఏ బొమ్మా లేనివాళ్లకన్నా ఎక్కువ కంగారుపడ్డారు.

స్వీడన్‌లోనే ఒక మానసిక వైద్యశాలలో గోడల మీది చిత్రాలను రోగులు చింపడం, పగలగొట్టడం చేసేవారట. ఉల్రిక్ పాత సంగతులన్నీ ఆరా తీస్తే దెబ్బలు తిన్నవన్నీ అర్థంకాని ఆధునిక చిత్రాలే. చెట్టూ చేమా ఉన్నవాటి జోలికి ఎవరూ పోలేదు. అమెరికాలో ఒక క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు పేషెంట్లు చూసి సంతోషిస్తారని లోహంతో చేసిన పక్షి శిల్పాలు పెట్టించారు. కోసు ముక్కులు, మొనదేలిన రెక్కలు. ఎగ్జిబిషన్‌లో అయితే చప్పట్లు కొట్టేవాళ్లు. కీమోథెరపీ ఎక్కించుకుంటున్న మనిషికి అవి పీక్కుతినడానికి వచ్చిన గద్దల్లా కనిపించాయి. ఫిర్యాదులు వచ్చి తీసేశారు. భయంలో ఉన్నవాడికి తాడు పాములా కనిపిస్తుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఆస్పత్రికి కళాఖండాలు కొనే కమిటీల దాకా ఆ మాట చేరలేదు.

*

1980ల చివర్లో ఉల్రిక్ టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ కాలేజీకి మారాడు. వైద్యం వాళ్లూ భవన నిర్మాణం వాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చునే పరిశోధనా కేంద్రాన్ని అక్కడ నెలకొల్పిన వాళ్లలో ఆయనా ఒకరు. ఆర్కిటెక్చర్ కాలేజీలో డిజైన్‌కు మార్కులు వేసే తీరు మనకూ తెలిసిందే. విద్యార్థి గోడకు షీట్లు తగిలిస్తాడు, మాస్టారు గడ్డం నిమురుకుని 'ఫీల్ లేదోయ్' అంటారు. అలాంటి చోట ఒక మనిషి వచ్చి, మీ కిటికీ వల్ల రోగికి ఎన్ని ఇంజెక్షన్లు తగ్గాయి అని అడిగితే ఎలా ఉంటుంది? ఆయన జీవితమంతా అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. మార్కెట్లోకి కొత్త మాత్ర రావాలంటే ప్రయోగాలు, లెక్కలు, అనుమతులు కావాలి. కొత్త ఆస్పత్రికి కావాల్సింది ప్లాను, డబ్బు, శంకుస్థాపన. మాత్రను రోగి రోజుకు మూడు పూటలు మింగుతాడు. భవనాన్ని 24 గంటలూ మింగుతూనే ఉంటాడు.

1991లో ఆయన ఆస్పత్రి భవనానికి ఉండాల్సిన గుణాలు మూడింటిని ముందుకు తెచ్చాడు. రోగికి తన చేతిలో ఏదో ఒకటైనా ఉందన్న ధీమా. తనవాళ్ల తోడు. మనసును మళ్లించే మంచిది ఏదైనా కళ్లెదుట. వినడానికి మామూలుగానే ఉన్నాయి. కానీ మన ఆస్పత్రి వెయిటింగ్ హాలులో ఒక గంట కూర్చుని చూడండి. గోడ మీద టీవీ, అందులో బ్రేకింగ్ న్యూస్, రిమోట్ రిసెప్షన్ సొరుగులో. తగ్గించమంటే 'పైవాళ్లను అడగాలండీ' అంటారు. ఉల్రిక్ బృందం 872 మంది రక్తదాతల మీద దీన్నీ కొలిచింది. మామూలు టీవీ కార్యక్రమాలు నడుస్తున్న రోజుల కంటే టీవీ కట్టేసిన రోజుల్లో దాతల ఒత్తిడి తక్కువగా ఉంది. కాలక్షేపానికని పెట్టింది కాస్తా కంగారు పెంచింది. స్విచ్ ఆపడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

చప్పుడు సంగతి ఇంకా పెద్దది. స్టాక్‌హోమ్ దగ్గర హుడింగే ఆస్పత్రిలో గుండె జబ్బుల ఐసీయూ ఉంది. అక్కడ స్వీడన్ పరిశోధకులతో కలిసి ఉల్రిక్ చేసిన పని నాకు మహా ఇష్టం. వార్డు పైకప్పు పలకలను మార్చారు. కొన్ని వారాలు శబ్దాన్ని వెనక్కి కొట్టే పలకలు, కొన్ని వారాలు శబ్దాన్ని పీల్చుకునే పలకలు. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. డాక్టర్లు వాళ్లే, నర్సులు వాళ్లే, మందులు అవే. గుండె నొప్పితో చేరిన 94 మందిని గమనించారు. శబ్దం పీల్చే పలకలున్న రోజుల్లో చేరినవాళ్ల గుండె మీద రాత్రిపూట భారం తగ్గిన గుర్తులు కనిపించాయి. ఇంటికెళ్లాక మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లూ వాళ్లలో తక్కువే. అంతకంటే ముచ్చటైన సంగతి, ఆ రోజుల్లో ఉన్న రోగులు సిబ్బంది తమతో ఎంతో మంచిగా ఉన్నారని చెప్పారు. నర్సుల గుణం పైకప్పులో దాక్కుని ఉందన్నమాట. చప్పుడు తగ్గితే గొంతు తగ్గుతుంది, గొంతు తగ్గితే మాట మెత్తబడుతుంది. కసురుకుందని మనం తిట్టుకునే సిస్టర్‌లో సగం తప్పు ఆ గదిని కట్టినవాడిదేమో.

మన వార్డుల్లో శబ్దాన్ని మింగే వస్తువే ఉండదు. నేల గ్రానైట్, గోడకు నిలువెత్తు టైల్స్, పైన స్లాబు. కడగడానికి వీలు, చూడ్డానికి తళతళ. అందులో స్ట్రెచర్ చక్రం కీచుమంటుంది, స్టీలు ట్రే నేల మీద పడుతుంది, ఎవరి ఫోనులోనో రింగ్‌టోన్ పాట పల్లవి చరణం పూర్తిచేసుకునే దాకా మోగుతుంది. అమెరికాలోనూ ఇదే ఏడుపు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకుల లెక్క ప్రకారం, ఆస్పత్రుల్లో 1960లో పగటి శబ్దం సగటున 57 డెసిబెల్స్ ఉండగా 2005 నాటికి 72కు చేరింది. రాత్రిపూట రోగి గదిలో 30 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

*

2004లో ఉల్రిక్, జార్జియా టెక్ ప్రొఫెసర్ క్రెయిగ్ జిమ్రింగ్, వాళ్ల సహచరులు కలిసి ఆస్పత్రి భవనాల మీద అప్పటిదాకా జరిగిన 600కు పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి జల్లెడ పట్టారు. సాక్ష్యం చూసి డిజైన్ చేయడం అన్న మాట ఆ తర్వాతే అందరి నోటా పడింది. అందులో దారి చూపే బోర్డుల గురించి ఒక లెక్క ఉంది. ఒక పెద్ద ఆస్పత్రిలో సిబ్బంది వచ్చేపోయేవాళ్లకు దారి చెప్పడానికి ఏడాదిలో 4,500 గంటలకు పైగా ఖర్చుచేశారు. ఇద్దరు పూర్తికాలం ఉద్యోగుల పని. 'స్కానింగ్ ఎటండీ?' అన్న ప్రశ్నకు జీతం ఇద్దరిది.

దాదాపు అదే సమయంలో మరికొందరు ఒక ఊహా ఆస్పత్రి కట్టి చూశారు, కాగితం మీద. 300 పడకలు, ఖర్చు 24 కోట్ల డాలర్లు. అందులో మంచి కిటికీలు, ఒంటరి గదులు, చప్పుడు పీల్చే పైకప్పుల వంటి అదనపు హంగులకు 1.2 కోట్ల డాలర్లు. ఇన్ఫెక్షన్లు తగ్గి, పడిపోవడాలు తగ్గి, నర్సులు ఉద్యోగం మానేయడం తగ్గి, ఆ అదనపు సొమ్ము ఏడాదిలోనే తిరిగి వస్తుందని తేలింది. ఆస్పత్రి యజమానులకు చెట్టు కన్నా ఈ లెక్క త్వరగా అర్థమైంది.

గదికి ఒకే మంచం అన్న వాదన కూడా గట్టిపడింది. 2006లో అమెరికా మార్గదర్శకాలు కొత్తగా కట్టే ఆస్పత్రుల మామూలు వార్డుల్లో గదికొక రోగినే ప్రమాణం చేశాయి. ఇక్కడ నాకు చిన్న పేచీ ఉంది. ఇన్ఫెక్షన్ తగ్గుతుంది, నిజం. నిద్ర పడుతుంది, నిజం. కానీ మన జనరల్ వార్డులో పక్క మంచం ఆవిడ కొడుకు మనకు ఇడ్లీ తెచ్చిపెడతాడు. సెలైన్ అయిపోతే మనవాళ్లు నిద్రలో ఉన్నా ఎదురు మంచాయన సిస్టర్‌ను కేకేస్తాడు. ఆ కేకను రద్దు చేసి గోడ కడితే, గోడ చేసే మేలుకు తోడు ఆ కేక పని చేసే మనిషి జీతం కూడా కలపాలి. పైగా ఉల్రిక్ చెప్పిన రెండో గుణం తనవాళ్ల తోడు. మన దగ్గర పేషెంటుతో వచ్చినవాళ్లు మంచం కింద చాప వేసుకుని, కారిడార్లో దుప్పటి పరుచుకుని రాత్రులు గడుపుతున్నారు. ఆ మనిషికి నడుం వాల్చే బల్లకు ప్లానులో చోటు గీయడం మన ఆర్కిటెక్టుల మొదటి పని కావాలని నా అభిప్రాయం. చెట్టు తర్వాత.

కొన్నేళ్లకు ఉల్రిక్ స్వీడన్‌కు మకాం మార్చి, గోటెన్‌బర్గ్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. అక్కడ తీసుకున్న సమస్య అన్నిటికన్నా కష్టమైనది: మానసిక వార్డుల్లో గొడవలు. కొట్లాటకు కారణం జబ్బేనా, ఇరుకు కూడానా? ఒంటరి గది, కదిలించుకోగల కుర్చీలు, అందరికీ అందే తోట, చప్పుడు తక్కువ, వెలుతురు, ఇలా ఒత్తిడి తగ్గించే పది అంశాల పట్టీ రాసుకున్నారు. గోటెన్‌బర్గ్‌లోని ఓస్ట్రా ఆస్పత్రి కొత్త మానసిక విభాగంలో వాటిలో తొమ్మిది ఉన్నాయి. అది రాకముందున్న పాత భవనంలో ఒక్కటే. 2018లో ప్రచురించిన ఫలితాల్లో, కొత్త భవనంలో రోగులకు బలవంతంగా ఇంజెక్షన్ ఇవ్వాల్సిన, పట్టి కట్టేయాల్సిన సందర్భాలు తగ్గాయి. పట్టీలో చాలా వస్తువులు మామూలువే. కుర్చీని కాస్త దూరం జరుపుకోగలిగితే మనిషి పక్కవాడి మీద చెయ్యెత్తకుండా ఉండొచ్చు.

*

ఇక సందేహాలు. సందేహం లేని విజ్ఞానం పుక్కిటి పురాణం.

పావోలీలో చూసింది 46 మందిని, ఒకే ఒక్క ఆస్పత్రిలో. దాన్ని పట్టుకుని చెట్టు చూస్తే రోగం నయమవుతుందని రాసినవాళ్లు కోకొల్లలు. ఉల్రిక్ ఆ మాట అనలేదు. తన రెండు పేజీల్లోనే హెచ్చరించాడు: నేను పోల్చింది ఒక రకం చెట్లతో ఒక మొండి గోడను, గోడ బదులు సందడిగా ఉన్న వీధి ఉంటే ఏమయ్యేదో వేరే చూడాలి, నెలల తరబడి మంచాన పడి విసిగిన రోగికి చెట్టు కన్నా ఆ వీధే మేలు చేయొచ్చు అని. ఉదహరించినవాళ్లలో సగం మంది ఆ చివరి పేరా దాకా చదవలేదు. పైగా ఆ ప్రయోగాన్ని ఇప్పుడు అలాగే మళ్లీ చేయడం కష్టం. గాల్ బ్లాడర్ ఆపరేషన్ ఇప్పుడు చిన్న రంధ్రాల్లోంచి లాపరోస్కోపీతో అయిపోతోంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారు. కిటికీ పనిచేసే ఆ నాలుగు రోజులే మాయమయ్యాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆర్కిటెక్చర్‌కు తెలుగు మాటే వాస్తుశిల్పం. గది దిక్కు మాట ఎత్తితే చాలు, అది వాస్తు అనేస్తారు. ఇటలీలో మిలాన్ ఆస్పత్రిలో బైపోలార్ జబ్బుతో కుంగుబాటులో ఉన్న రోగులను గమనిస్తే, తూర్పు గదుల వాళ్లు పడమటి గదుల వాళ్లకన్నా సగటున 3.67 రోజులు ముందే ఇంటికి వెళ్లారని 2001లో రాశారు. వాస్తు సిద్ధాంతులు చంకలు గుద్దుకోవద్దు. అక్కడ పనిచేసింది తూర్పు అన్న పేరు కాదు, పొద్దున్నే నేరుగా పడే వెలుగు. దాన్ని కొలవొచ్చు, అడ్డుకుని చూడొచ్చు, తప్పని తేలితే వదిలేయొచ్చు. పిట్స్‌బర్గ్‌లో వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్లలో ఎండ బాగా వచ్చే వైపు ఉన్నవాళ్లకు 46 శాతం ఎక్కువ వెలుగు తగిలింది, గంటకు వాడిన నొప్పి మందు 22 శాతం తగ్గింది. అదీ చలిదేశపు ఎండ. రోహిణి కార్తెలో విజయవాడలో అదే వెడల్పు గాజు పెట్టి పేషెంటును పడుకోబెడితే నొప్పి సంగతి దేవుడెరుగు, పేషెంటు ఉడికిపోతాడు. మనకు వెలుగు కావాలి, ఎండ అక్కర్లేదు. ఆ రెండింటినీ విడదీసేవి వరండా, చూరు, వేపచెట్టు.

మన పరిస్థితికి దగ్గరగా వచ్చే పరిశోధన పెరూ రాజధాని లిమా నుంచి వచ్చింది, 2007లో. ఎనిమిది ఆస్పత్రుల్లో 70 గదులు. తలుపులూ కిటికీలూ తెరిస్తే గంటకు ఎన్నిసార్లు గదిలో గాలి మారుతోందో కొలిచారు. 1950కి ముందు కట్టిన ఎత్తైన కప్పు, పెద్ద కిటికీల గదుల్లో గంటకు 40 సార్లు. 1970 తర్వాత కట్టిన కొత్త రకం గదుల్లో 17. యంత్రాలతో గాలి ఆడించే గదుల్లో 12. మందు పడని క్షయ రోగుల మధ్య ఒక రోజంతా గడిపితే ఎంతమందికి అంటుకుంటుందో లెక్కగడితే యంత్రపు గదిలో 39 శాతం, కొత్త గదిలో 33, పాత గదిలో 11 అని వచ్చింది. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆస్పత్రుల మీద రాసిన పుస్తకంలో రెండు వైపులా కిటికీలు, ఎత్తైన వార్డులు కావాలని పట్టుబట్టింది. 1908 మూసీ వరద తర్వాత, నది ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రికి విన్సెంట్ ఎష్ అంతెత్తు కప్పులు వేసింది కూడా ఆ కాలపు తెలివితోనే. పాతదంతా మంచిదని నేననను. పాతదాన్ని కూలగొట్టే ముందు దాంట్లో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతోందో ఒకసారి కొలవండి అంటాను.

మా నాన్నగారిని ఒకసారి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. పేరెందుకులెండి. కిటికీ పెద్దదే, దాని నిండా పక్క బ్లాకు ఏసీ పెట్టె. రెండో రోజు ఆ పెట్టె మీద పావురం ఒకటి వచ్చి వాలింది. మూడో రోజు నుంచి నేను పళ్లు తీసుకుని వెళ్తే ఆయన అనే మొదటి మాట, 'దారిలో ఎండెక్కువగా ఉందా?' కాదు, 'ఇవాళ ఇంకా రాలేదురా' అని. పావురం వల్ల ఎన్ని మాత్రలు తగ్గాయో నేను లెక్క పెట్టలేదు. ఉల్రిక్ అయితే పెట్టేవాడు.

ఈసారి మీరు ఎవరినైనా పరామర్శించడానికి ఆస్పత్రికి వెళ్తే, పళ్ల సంచీ పక్కన పెట్టి, ఒక్క నిమిషం వంగి పేషెంటు దిండు ఎత్తున తల పెట్టి చూడండి. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తోంది? ట్యూబ్‌లైటూ సెలైన్ స్టాండూ తప్ప ఏమీ లేకపోతే సిస్టర్‌ను అడిగి మంచం అటు తిప్పించండి. చక్రాలుంటాయి, తిరుగుతుంది.